మాజీ సైనికుల సంఘం: చేరేవాళ్లు చేరుతున్నారు, రెండో ఏడాది చందా మాత్రం రావడం లేదు. ఏం చేస్తే నిలబడతారు?

గోపాలపట్నం కార్యదర్శి అడిగారు:

అందరికీ నమస్కారం. విశాఖలో ఎన్ఏడీ కొత్తరోడ్డు, గోపాలపట్నం, మర్రిపాలెం, మురళీనగర్ వైపు ఉండే మాజీ సైనికుల సంఘం మాది. సొసైటీగా రిజిస్టరైంది. నేవీ వాళ్లే ఎక్కువ, ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్లూ ఉన్నారు. ప్రవేశ రుసుము 200, ఏడాది చందా 600. పాత కార్యవర్గం 2,000 కట్టించుకుని జీవిత సభ్యత్వం కూడా ఇచ్చేది, ఆ పద్ధతి ఇంకా బైలాస్‌లో ఉంది.

రిజిస్టర్ తెరిస్తే పేర్లకు లోటు లేదు. కానీ ఈ ఏడాది చందా కట్టినవాళ్లు వాళ్లలో సగం కూడా లేరు. జీవిత సభ్యుల నుంచి కొత్తగా వచ్చేది ఏమీ లేదు. ఆఫీసు అద్దె, కరెంటు, ప్రింటింగ్ మాత్రం నెలనెలా ఉంటాయి. స్పర్శ్‌లో (రక్షణ శాఖ పెన్షన్ పోర్టల్) ఏదో ఇబ్బంది వచ్చినప్పుడు వస్తారు, పని చేయించుకుంటారు, చేరతారు. మరుసటి ఏడాది ఫోన్ ఎత్తరు. ఈమధ్య రిటైరైన కుర్రాళ్లు అసలు గడప తొక్కడం లేదు.

నాకు కావలసినవి ఇవి. చందా క్రమంగా రావాలంటే వసూలు ఎలా పెట్టుకోవాలి? జీవిత సభ్యత్వాన్ని ఏం చేయాలి? సభ్యులు కానివాళ్లకు పెన్షన్ పనులు చేసిపెట్టాలా వద్దా? ఈ చివరి ప్రశ్న మీద మా కార్యవర్గమే రెండుగా చీలి ఉంది. అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పండి.

---

తూర్పుతీరం జవాబు:

సార్, ముందు వసూలు సంగతి పక్కన పెట్టి రిజిస్టర్ శుభ్రం చేయండి. కట్టనివాళ్లందరినీ "బకాయిదారులు" అనే ఒకే గాటన కట్టేస్తే మందు దొరకదు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, పేరు పక్కన ఒక అక్షరం రాయండి. చనిపోయారు – "చ". ఊరు మారారు – "ఊ". మరిచిపోయారు, లేదా ఎవరూ అడగలేదు – "మ". కోపం వచ్చి మానేశారు – "కో". నంబరు పనిచేయడం లేదు – "నం". రోజుకు పది ఫోన్లు చాలు. ఏ సంఘంలోనైనా "మ" పెద్ద గుంపు అవుతుంది. వాళ్లకు సంఘం మీద కోపం లేదు, అడిగినవాడు లేడు, అంతే. "చ" గుంపు రెండోది. అక్కడ ఇంట్లో ఆవిడ ఉంటారు, ఆవిణ్ని మనం వదిలేశాం. ఈ సంగతి కింద ఎవరైనా వివరంగా రాస్తే బాగుంటుంది.

ఇక వసూలు. ఎవరు ఏ నెలలో చేరితే ఆ నెలలో రెన్యువల్ అనే పద్ధతి వద్దు. కోశాధికారి ఏడాది పొడవునా అప్పులవాడిలా తిరగాల్సి వస్తుంది. అందరికీ ఒకే గడువు పెట్టండి, అది నవంబరు అయితే మంచిది. కారణాలు రెండు. ఒకటి, పెన్షనర్లలో చాలామందికి లైఫ్ సర్టిఫికెట్ (బతికే ఉన్నట్టు ధ్రువీకరణ) నవంబరులోనే ఇవ్వాలి, 80 దాటినవాళ్లకు అక్టోబరు 1 నుంచే ఇచ్చే వీలుంది. మనిషి ఎలాగూ మన దగ్గరికి వస్తాడు. రెండు, జులై నుంచి పెరిగే డీఆర్‌ను (పెన్షన్ మీద కరువు భత్యం) మామూలుగా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ప్రకటిస్తారు కాబట్టి ఆ బకాయి చేతికి అందే సమయం కూడా అదే. జూన్‌లో పిల్లల ఫీజులు, జనవరిలో సంక్రాంతి ఖర్చు. ఆ రెండు నెలల్లో చందా అడిగితే ఇచ్చేవాడు కూడా వాయిదా వేస్తాడు.

మీ చందా ఏడాది ఇప్పుడు ఏప్రిల్ నుంచి అయితే, మారేటప్పుడు ఒక్కసారి ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా 7 నెలలకు నెలకు 50 చొప్పున 350 తీసుకోండి. నవంబరు 1 నుంచి మామూలుగా 600. లెక్కల సంవత్సరం మార్చి 31కే ముగుస్తుంది, దానికీ దీనికీ ముడిపెట్టనక్కర్లేదు.

గుర్తు చేయడానికి వరుస ఇలా పెట్టుకోండి. అక్టోబరు 10కి ఎవరి వాట్సాప్‌కు వాళ్లకు విడిగా మెసేజ్, పేరు, సభ్యత్వ నంబరు, కట్టాల్సిన మొత్తం రాసి. అక్టోబరు 25 తర్వాత ఆ ఏరియా ప్రతినిధి ఫోన్. నవంబరంతా లైఫ్ సర్టిఫికెట్ క్యాంపులో రశీదు పుస్తకం సిద్ధం. డిసెంబరు మధ్యలో, అప్పటికీ కట్టనివాళ్ల ఇళ్లకు వెళ్లడం. జనవరి 31తో గడువు ఆఖరు. గ్రూపులో మాత్రం బకాయిదారుల పేర్లు వేయకండి. అక్కడ పేరు పడ్డ మనిషి 600 కట్టడు, గ్రూపు వదిలి వెళ్లిపోతాడు. వెళ్లేవాడు పక్కవాణ్నీ తీసుకుపోతాడు.

ఏరియా ప్రతినిధికి 20 నుంచి 25 ఇళ్లు మించకూడదు. మల్కాపురం మనిషికి మధురవాడ ఇళ్లు అప్పగిస్తే పని జరగదు. ప్రతినిధి ర్యాంకును బట్టి కాదు, కాలికి చక్రం ఉన్నవాణ్ని బట్టి ఎంచుకోండి.

డబ్బు ఎలా తీసుకోవాలన్నది ఇంకో ముఖ్యమైన విషయం. క్యూఆర్ కోడ్ తప్పనిసరిగా సొసైటీ ఖాతాదే ఉండాలి, కోశాధికారి సొంత ఫోన్‌పేది కాదు. యూపీఐలో వచ్చే చిక్కు ఏమిటంటే, తండ్రి చందా కొడుకు ఫోన్ నుంచి వస్తుంది. స్టేట్‌మెంట్లో కొడుకు పేరు పడుతుంది, ఎవరి చందాయో తెలియదు. మూడు నెలలు పోయాక కట్టినాయనకే మళ్లీ "మీరు కట్టలేదు" అని ఫోన్ వెళ్తుంది. ఆ ఒక్క ఫోన్‌తో పదేళ్ల సభ్యుడు పోతాడు. అందుకని నోట్ దగ్గర సభ్యత్వ నంబరు రాయమనండి, చెల్లింపు స్క్రీన్‌షాట్ పంపమనండి, అందులోని యూటీఆర్ (లావాదేవీ) నంబరు రశీదు మీద ఎక్కించండి. రశీదు 48 గంటల్లో వాట్సాప్‌కు వెళ్లాలి.

ఫోన్ వాడని పెద్దవాళ్లకు బ్యాంకులో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ (చెప్పిన తేదీకి ఖాతాలోంచి డబ్బు దానంతటదే వెళ్లే ఏర్పాటు) మేలు. పెన్షన్ నెలాఖరు పనిదినాన పడుతుంది, కాబట్టి 5వ తేదీ పెట్టించండి. 25వ తేదీ పెట్టిస్తే ఖాతా ఖాళీగా ఉండి తిరిగిపోవచ్చు, కొన్ని బ్యాంకులు దానికి సభ్యుడి దగ్గరే రుసుము కోస్తాయి. నెలకు 50 బదులు ఏడాదికి ఒకేసారి 600 పెట్టిస్తే పన్నెండు పద్దులు ఒకటవుతాయి.

---

ఖాతా పుస్తకం జవాబు:

జీవిత సభ్యత్వం గురించి నేను చెప్తాను, సంఘాల నడుం విరిచేది అదే.

లెక్క వేయండి. 2,000 డిపాజిట్ చేస్తే 7 శాతం వడ్డీ అనుకున్నా ఏడాదికి 140 వస్తుంది. అదే మనిషి మీద మీరు పెట్టే ఖర్చు మాత్రం 600 కట్టే సభ్యుడి మీద పెట్టినంతే. 600 వడ్డీ రావాలంటే అసలు 8,571 ఉండాలి. వడ్డీ 6.5కి తగ్గితే 9,231. అంటే జీవిత సభ్యత్వం ఉంచాలనుకుంటే 9,000కు తగ్గకూడదు, ఆ మొత్తం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకే వెళ్లాలి, వడ్డీ మాత్రమే వాడాలి అని బైలాస్‌లో రాయాలి. ఈ షరతు లేకపోతే వచ్చిన ఏడాదే అసలు ఖర్చయిపోతుంది. మీ దగ్గర జరిగింది అదేనని నా అంచనా.

పాత జీవిత సభ్యులకు ఇచ్చిన మాట వెనక్కి తీసుకోకండి. 2,000 కట్టి రశీదు పెట్టుకున్న మనిషిని మళ్లీ చందా కట్టమంటే అది మాట తప్పడమే, గొడవ రిజిస్ట్రార్ ఆఫీసు దాకా పోతుంది. దానికి బదులు "సంక్షేమ విరాళం" అని ఏడాదికి 300 స్వచ్ఛందంగా అడగండి, రశీదు వేరే రంగులో ఇవ్వండి, ఇచ్చినవాళ్ల పేర్లు సర్వసభ్య సమావేశంలో చదవండి. బలవంతం లేదు కాబట్టి చాలామంది ఇస్తారు. కొత్తగా జీవిత సభ్యత్వం మాత్రం ఈ ఏడాదితో ఆపండి, లేదా రేటు మార్చండి.

బైలా సవరణ చేతులెత్తించి "సరే" అనిపించుకుంటే కాదు. బైలాస్‌లో ఎన్ని రోజుల నోటీసు ఉందో అన్ని రోజుల ముందు, సవరణ పాఠం జతచేసి నోటీసు వెళ్లాలి. కోరం ఉండాలి. తీర్మానం మినిట్స్‌లో ఎక్కించి, ప్రతిని జిల్లా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. మన రాష్ట్రంలో ఇదంతా 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నడుస్తుంది. అదే చట్టం ప్రకారం ఏటా సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లోపు కార్యవర్గం జాబితా ఇవ్వాలి. చాలా సంఘాలు ఈ జాబితా ఇవ్వడం మరిచిపోతాయి. మూడు నాలుగేళ్లు పోయాక బ్యాంకులో సంతకాలు మార్చాల్సి వచ్చినప్పుడు మేనేజర్ తాజా జాబితా అడుగుతాడు, అక్కడ బండి ఆగుతుంది. ఖాతా ఆగితే చందా ఆగుతుంది.

ఎన్నికల ముందు వచ్చే వరద గురించి కూడా జాగ్రత్త పడండి. పోటీ చేసేవాళ్లు ముప్ఫై నలభై మందికి తామే చందా కట్టి చేర్పిస్తారు. ఓటు పడుతుంది, మరుసటి ఏడాది వాళ్లలో ఒక్కరూ కనపడరు. రెండు నియమాలు చాలు: చేరిన ఆరు నెలల తర్వాతే ఓటు, చందా సభ్యుడి సొంత ఖాతా లేదా కుటుంబసభ్యుల ఖాతా నుంచే రావాలి. ఈ నియమాలు ఎన్నికల ఏడాది పెడితే ఎవరినో ఆపడానికే పెట్టారంటారు. ఎన్నికలు లేని ఏడాదిలో పెట్టండి.

నెలకోసారి ఒక్క పేజీ లెక్క గ్రూపులో పెట్టండి. వచ్చింది ఎంత, పోయింది ఎంత, దేనికి, బ్యాంకులో ఎంత, నగదు ఎంత. నగదు 2,000 దాటితే రెండు రోజుల్లో బ్యాంకులో పడాలి. రశీదు పుస్తకాలకు వరుస నంబర్లు ఉండాలి, ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉందో రిజిస్టర్ ఉండాలి. ఒక్క రశీదు పుస్తకం కనపడకుండా పోతే ఆ ప్రాంతమంతా చందా ఆగిపోతుంది, తప్పు ఎవరిదైనా సరే.

---

పెందుర్తి సుబేదార్ జవాబు:

కార్యదర్శి గారూ, మూడో ప్రశ్నకు నా సమాధానం సూటిగా చెప్తాను. సభ్యులకే పని చేయాలి. ఉచితంగా దొరికేదానికి ఎవరూ డబ్బు కట్టరు. ఏటా కట్టే మనిషి లైన్లో నిలబడి ఉంటే, ఎప్పుడూ కట్టని మనిషి ముందు వచ్చి పని చేయించుకుపోతే కట్టేవాడికి మండదా? ముందు చందా, తర్వాత పని. రైతు సంఘంలోనైనా, అపార్ట్‌మెంట్ సంఘంలోనైనా ఇదే కదా పద్ధతి.

---

తూర్పుతీరం జవాబు:

సుబేదార్ సాబ్, మీ బాధలో న్యాయం ఉంది. కానీ పెన్షన్ ఆగిపోయి వచ్చినవాడి దగ్గర ముందు 800 అడిగితే అతను దాన్ని చందా అనుకోడు, పనికి ఫీజు అనుకుంటాడు. ఫీజు కట్టినవాడు పని అయ్యాక మనకు బాకీ లేడు. రెండో ఏడాది రాకపోవడానికి అసలు కారణం ఇదే. గోపాలపట్నం వాళ్లు చెప్పిన "పని చేయించుకుంటారు, చేరతారు, మళ్లీ రారు" అన్న రోగం పుట్టేది ఈ కౌంటర్ దగ్గరే.

మధ్యేమార్గం ఉంది. పెన్షన్ ఆగడం, మరణం, ఆసుపత్రిలో చేర్పు, ఈ మూడింటికి ఎవరైనా సరే, సభ్యుడా కాదా అని అడగకుండా పని చేయాలి. ఆ రోజు డబ్బు మాట ఎత్తకూడదు. పని అయిన వారం పది రోజులకు ఏరియా ప్రతినిధి ఇంటికి వెళ్లి ఫారం ఇవ్వాలి. అప్పుడు చేరేవాడు సంఘంలో చేరతాడు, కౌంటర్‌లో కాదు. మిగతావి, అంటే ఎరియర్స్ లెక్క వేయడం, దరఖాస్తులు రాసిపెట్టడం, స్కాలర్‌షిప్ ఫారాలు, ఇవి సభ్యులకే. లైన్ గొడవ పోవాలంటే వేళలు విడగొట్టండి: సభ్యులకు సోమ, గురు, శనివారాలు, మిగతావాళ్లకు మంగళవారం.

నవంబరు క్యాంపు గురించి వివరంగా రాస్తాను, ఏడాదిలో సంఘం ముఖం జనానికి కనపడేది అప్పుడే.

సామాన్లు పెద్దగా అక్కర్లేదు. రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు, వాటిలో లైఫ్ సర్టిఫికెట్‌కు జీవన్ ప్రమాణ్ యాప్, ముఖం గుర్తించడానికి ఆధార్ ఫేస్ ఆర్డీ యాప్, మంచి నెట్, వెలుతురు వైపు ముఖం ఉండేలా ఒక కుర్చీ, వెనక తెల్లగోడ. ఆపరేటర్ తన ఆధార్‌తో ఒకసారి నమోదైతే చాలు, ఆ ఫోన్ మీద ఎంతమందికైనా చేయొచ్చు. వేలిముద్రలు అరిగిపోయిన పెద్దవాళ్లకు ముఖం పద్ధతే దిక్కు. కళ్లద్దాలు తీయించండి, కిటికీకి వీపు పెట్టి కూర్చోబెట్టకండి, కళ్లు ఆర్పమన్నప్పుడు ఆర్పాలి. సవ్యంగా సాగితే ఒక్కొక్కరికి పది నిమిషాలు.

అన్నిటికంటే ఎక్కువ తప్పు జరిగేది రెండు గడుల దగ్గర. మంజూరు చేసిన అధికారి దగ్గర నేవీ వాళ్లకు పీసీడీఏ (రక్షణ శాఖ ఖాతాల కార్యాలయం) నేవీ ముంబై, ఆర్మీ వాళ్లకు పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు జేసీడీఏ ఎయిర్‌ఫోర్స్ సుబ్రతో పార్క్ ఎంచుకోవాలి. పెన్షన్ ఇచ్చే సంస్థ దగ్గర మాత్రం ముగ్గురికీ ఒకటే, స్పర్శ్ – పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్. బయట సెంటర్లలో ఇక్కడ అలవాటుగా బ్యాంకు పేరు పెట్టేస్తారు. ప్రమాణ్ ఐడీ వస్తుంది, ఎస్ఎంఎస్ వస్తుంది, మనిషి సంతోషంగా ఇంటికి పోతాడు. స్పర్శ్‌కు మాత్రం ఏమీ చేరదు. తర్వాత పెన్షన్ ఆగుతుంది. ఇంకో తప్పు పీపీవో (పెన్షన్ మంజూరు పత్రం) నంబరు. పాత కాగితం పీపీవో కాకుండా స్పర్శ్ ఇచ్చిన 12 అంకెల నంబరే వేయాలి.

అందుకే క్యాంపు ఆ పూటతో ముగియదు. వారం తర్వాత ప్రతి ఒక్కరి స్పర్శ్ లాగిన్‌లో లైఫ్ సర్టిఫికెట్ గుర్తింపు తేదీ మారిందో లేదో చూడాలి. కొందరి గడువు నవంబరు కాకపోవచ్చు, పోర్టల్‌లో ఎవరి తేదీ వాళ్లకు కనిపిస్తుంది, అది సభ్యత్వ రిజిస్టర్‌లో రాసుకోండి. "మాస్టర్ చీఫ్ గారూ, మీది స్పర్శ్‌లో ఎక్కింది, వచ్చే ఏడాది దాకా దిగులు లేదు" అని ప్రతినిధి ఫోన్ చేస్తే, ఆ ఫోన్ చందా అడిగే ఫోన్ కంటే ఎక్కువ చందా తెస్తుంది.

---

కుటుంబ పెన్షనర్ జవాబు:

అన్నయ్యగారూ, పైన "చ" గుంపు అన్నారు కదా, ఆ సంగతి నేను రాస్తాను.

సభ్యుడు పోయిన రోజు సంఘం దండ వేస్తుంది, ఫొటో గ్రూపులో పడుతుంది, నంబరు గ్రూపులోంచి తీసేస్తారు. ఆ నంబరే ఆవిడ దగ్గర ఉండే ఏకైక ఫోన్. సంఘం అవసరం మొదలయ్యే రోజునే సంఘంతో తెగిపోతుంది. చాలా ఖాతాలు జాయింట్ కాబట్టి ఆయన పెట్టిన స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఆపమని ఎవరూ చెప్పకపోతే, చందా ఆవిడ ఖాతాలోంచి పోతూనే ఉండొచ్చు. ఆవిణ్ని పలకరించిన మనిషి ఉండడు. ఇది తెలిసిన కుటుంబం ఆ సంఘం పేరు మళ్లీ ఎత్తదు, చుట్టుపక్కల నలుగురికీ చెబుతుంది.

చేయాల్సింది ఇది. సభ్యత్వం అదే నంబరుతో ఆవిడ పేరుకు మారాలి, ప్రవేశ రుసుము లేకుండా, ఓటు హక్కుతో సహా. ఆ ఏడాదికి చందా అడగకూడదు. మారిందని ఒక ఉత్తరం ఇంటికి తీసుకెళ్లి ఇవ్వాలి. స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఉంటే మొదటి వారంలోనే ఆపించి, ఆయన పోయిన తర్వాత వచ్చిన మొత్తం వెనక్కి ఇవ్వాలి. గ్రూపులోంచి నంబరు తీయకండి, పేరు మార్చండి.

పనుల వరుస కూడా సంఘం దగ్గర ఒక కాగితం మీద తెలుగులో ఉండాలి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) నుంచి మరణ ధ్రువపత్రం కనీసం అయిదు ప్రతులు. స్పర్శ్‌లో మరణం నమోదు. మరణం తర్వాత ఖాతాలో పెన్షన్ పడితే తీయొద్దని ఇంట్లో వాళ్లకు చెప్పడం, అది తర్వాత వెనక్కి పట్టుకుంటారు. ఆ తర్వాత కుటుంబ పెన్షన్, ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు, క్యాంటీన్ కార్డు మార్పులు. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో ఆవిడ పేరుతో నమోదు.

అయితే అసలు ఆపద ఇంకా ముందే దాగి ఉంటుంది, పేరులో. సర్వీసు రికార్డులో లక్ష్మి ఇంగ్లిషులో ఎక్స్ అక్షరంతో ఉంటుంది, ఆధార్‌లో కేఎస్‌హెచ్‌తో ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట అసలు ఇంటిపేరే ఉండదు. పుట్టినతేదీ పీపీవోలో ఒకటి, ఆధార్‌లో ఒకటి. ఆయన బతికుండగా దరఖాస్తు, రికార్డు ఆఫీసుతో ఉత్తరాలు, కొద్ది నెలల ఓపికతో సరిచేసుకోవచ్చు. ఆయన పోయాక అదే పని అఫిడవిట్లు, సాక్షులు, తిరుగుళ్లు, అంతదాకా పెన్షన్ రాదు. నేవీ వాళ్లకు ముంబైలోని బ్యూరో ఆఫ్ సైలర్స్, ఆర్మీ వాళ్లకు వాళ్ల రెజిమెంట్ రికార్డు ఆఫీసు. ఎవరికి ఎక్కడ రాయాలో పెద్దావిడకు ఎలా తెలుస్తుంది?

కాబట్టి సభ్యత్వ ఫారంలో ఈ గడులు పెట్టండి: భార్య పేరు పీపీవోలో ఉన్నట్టు, భార్య పేరు ఆధార్‌లో ఉన్నట్టు, రెండు చోట్లా పుట్టినతేదీ, భార్య సొంత ఫోన్ నంబరు, పిల్లల్లో ఒకరి నంబరు. రెండూ కలవకపోతే ఫారం తీసుకున్న వారంలోనే దరఖాస్తు రాయించండి. కొత్త సభ్యుడికి మొదటి మూడు నెలల్లో సంఘం చేసి చూపించాల్సిన పని ఇదే. ఇంటి ఇల్లాలికి సంఘం విలువ తెలిస్తే చందా ఆయన మరిచినా ఆవిడ మరవదు. ఆధార్ జిరాక్సులు మాత్రం తీసి పెట్టుకోకండి, పీపీవో ఫొటోలు గ్రూపులో వేయనివ్వకండి. నంబర్లు దొరికితే మోసగాళ్లు "స్పర్శ్ నుంచి మాట్లాడుతున్నాం" అని ఫోన్ చేస్తారు.

---

రెండో ఇన్నింగ్స్ జవాబు:

కుర్రాళ్లు రావడం లేదన్నారు కదా సార్, ఆ మాటకొస్తాను.

పదిహేనేళ్ల సర్వీసు చేసి బయటికొచ్చే సెయిలర్‌కు నలభై లోపే ఉంటుంది. పిల్లలు హైస్కూల్లో ఉంటారు, ఇంటి లోన్ ఉంటుంది. పోర్టులోనో, రిఫైనరీలోనో, స్టీల్ ప్లాంటులోనో షిఫ్టుల్లో ఉంటాడు, లేదా బ్యాంకు పరీక్షకు చదువుతుంటాడు. మీ సమావేశం బుధవారం పొద్దున 11కు అయితే అతను ఎలా వస్తాడు? రెండో ఆదివారం పొద్దున పదింటికి పెట్టండి, గంటన్నరలో ముగించండి. దానిలో నలభై నిమిషాలు సన్మానాలకు పోతే మళ్లీ రాడు.

అతని అవసరాలు వేరు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి కొలువుల్లో 10 శాతం, పాత గ్రూప్ డి స్థాయి (ఇప్పుడది గ్రూప్ సిలోనే కలిసింది) కొలువుల్లో 20 శాతం మాజీ సైనికులకు. ప్రభుత్వ రంగ సంస్థలు, బ్యాంకుల్లో గ్రూప్ సికి 14.5, గ్రూప్ డికి 24.5. వయసులోంచి సర్వీసు కాలం తీసేసి, పైన మూడేళ్ల సడలింపు. మెట్రిక్ పాసై 15 ఏళ్ల సర్వీసు ఉంటే డిగ్రీ అడిగే గ్రూప్ సి ఉద్యోగాలకు అర్హత. ఇవన్నీ సగం సగం తెలిసి, నోటిఫికేషన్‌లో డిగ్రీ చూసి వెనక్కి తగ్గేవాళ్లు ఉంటారు. నోటిఫికేషన్ వచ్చిన రోజే దానిలో మాజీ సైనికుల గడి ఎక్కడుందో గుర్తుపెట్టి పంపే మనిషి ఒక్కడుంటే చాలు, కుర్రాళ్లు సంఘం నంబరు సేవ్ చేసుకుంటారు.

పిల్లల చదువు రెండో మెట్టు. ఈఏపీసెట్‌లో సైనికుల పిల్లలకు క్యాప్ కోటా 2 శాతం, దానికి సర్టిఫికెట్ల పరిశీలన విడిగా ఉంటుంది, ఆ తేదీ దాటితే మళ్లీ రాదు. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ కింద ప్రొఫెషనల్ కోర్సుల్లో చేరిన అబ్బాయికి నెలకు 2,500, అమ్మాయికి 3,000. ఇంటర్‌లో 60 శాతం ఉండాలి, దరఖాస్తు మొదటి ఏడాదిలోనే పెట్టాలి. రెండో ఏడాదిలో తెలుసుకున్న తండ్రికి చెప్పేదేమీ ఉండదు. మే నుంచి సెప్టెంబరు దాకా సభ్యుల ఇళ్లలో ఎవరి పిల్లలు ఇంటర్ పాసయ్యారో జాబితా మీ దగ్గరుంటే, మీరే ముందు ఫోన్ చేయొచ్చు.

చేర్పించడం ఎక్కడ? బేస్ గేటు దగ్గర నిలబడి కరపత్రాలు పంచకండి, అది నిషిద్ధ ప్రాంతం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని చిరునామాల జాబితా అడగకండి, ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. అక్కడా, ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌లోనూ అధికారి అనుమతితో నోటీసు బోర్డు మీద ఒక కాగితం పెట్టించండి, డబ్బు మాత్రం ఆ ఆవరణలో తీసుకోకండి. సెయిలర్లు నెలాఖరున రిటైరవుతారు. రిటైరయ్యాక మొదటి మూడు నెలల్లో పెన్షన్ ఖాతా, ఈసీహెచ్ఎస్ కార్డు, సైనిక కార్యాలయంలో నమోదు, ఇలా అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆ మూడు నెలలు దాటితే అతను తన దారి తాను చూసుకుంటాడు. మొదటి ఏడాది చందా సగం, అంటే 300, ప్రవేశ రుసుము లేదు అని పెట్టండి. పూర్తిగా ఉచితం మాత్రం వద్దు.

ఇంకో రెండు మాటలు. వైజాగ్‌లో స్థిరపడ్డవాళ్లలో ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్, కేరళ వాళ్లున్నారు, నోటీసు తెలుగుతో పాటు హిందీలో కూడా వేయండి. అగ్నివీరుల తొలి బ్యాచ్‌లు 2022 చివర్లో చేరాయి, నాలుగేళ్లు లెక్కేసుకుంటే బయటికొచ్చే కాలం వచ్చేసినట్టే. పథకం ప్రకారం వాళ్లకు పెన్షన్, మాజీ సైనికుడి హోదా, ఈసీహెచ్ఎస్ లేవు. మీ బైలాస్‌లో "మాజీ సైనికుడు" అని మాత్రమే ఉంటే వాళ్లను చేర్చుకోలేరు. అనుబంధ సభ్యత్వం అని ఒక తరగతి ఇప్పుడే పెట్టండి. తుపాకీ పట్టిన కుర్రాణ్ని గుమ్మం దగ్గర ఆపకూడదు.

---

గోపాలపట్నం కార్యదర్శి జవాబు:

అందరికీ ధన్యవాదాలు. అమ్మా, మీరు రాసిన స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ సంగతి మా కార్యవర్గంలో ఎవరికీ తట్టలేదు, ఈ వారమే స్టేట్‌మెంట్ తీసి చూస్తాం. రెండు సందేహాలు. పేరు ఆవిడకు మార్చడానికి కూడా బైలా సవరణ కావాలా? జనవరి 31 గడువు దాటిన సభ్యుణ్ని నేరుగా తొలగించవచ్చా?

---

ఖాతా పుస్తకం జవాబు:

ఒకటోదానికి, మీ బైలాస్‌లో సభ్యత్వ అర్హత దగ్గర "వీరనారులు, కుటుంబ పెన్షనర్లు" అని ఉందేమో చూడండి. ఉంటే కార్యవర్గ తీర్మానం చాలు. లేకపోతే సవరణ కావాలి. జీవిత సభ్యత్వం, అనుబంధ సభ్యత్వం, ఓటుకు ఆరు నెలలు, ఇవన్నీ ఎలాగూ పెడుతున్నారు కాబట్టి అన్నీ ఒకే నోటీసులో వేసి ఒకేసారి దాఖలు చేయండి. విడివిడిగా చేస్తే నాలుగుసార్లు తిరగాలి.

రెండోదానికి, నేరుగా వద్దు. జనవరి 31 తర్వాత ఓటు, సభ్యుల రోజుల సేవ ఆపండి, పేరు ఉంచండి. మార్చిలో రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో 30 రోజుల నోటీసు ఇవ్వండి, దానితో పాటు ఏరియా ప్రతినిధి మనిషిగా వెళ్లి తలుపు తట్టాలి. నోటీసు వెళ్లిన ఇళ్లలో కొన్నిచోట్ల మంచం పట్టినవాళ్లుంటారు, వాళ్లకు చందా మాఫీ చేసే అధికారం కార్యవర్గానికి ఉండేలా అదే సవరణలో ఒక వాక్యం చేర్చండి. అప్పటికీ జవాబు లేకపోతే తర్వాతి కార్యవర్గ సమావేశంలో కారణం రాసి తీసేయండి. తిరిగి వస్తే ఆ ఏడాది చందా మాత్రమే తీసుకోండి. పాత బకాయి మొత్తం కడితేనే అంటే తిరిగొచ్చేవాడు కూడా రాడు.

తుది ఓటర్ల జాబితా ఎన్నికకు 30 రోజుల ముందు ఆఫీసు గోడ మీద అతికించండి, అభ్యంతరాలకు పది రోజులు ఇవ్వండి.